గాలికి ఎగువన

నిప్పంటుకుంటే నీళ్ళు పొయ్యాలి. ఈ మాట పలక పట్టని పిల్లలకు కూడా తెలుసు. ఫైరింజన్ గంట కొట్టుకుంటూ వెళ్తుంటే, అందులో వాళ్ళు ఎంత తొందరగా మంటల్లోకి దూకితే అంత ధైర్యవంతులని మనం అనుకుంటాం. సినిమా హీరో కూడా అంతేగా! తలుపు బద్దలుకొట్టి పొగలోకి దూకుతాడు, హీరోయిన్‌ని రెండు చేతులమీదా ఎత్తుకొస్తాడు. క్రాఫు కూడా చెదరదు.

కానీ విషవాయువో, రసాయనమో కారుతున్న చోటికి వెళ్ళే ఫైర్‌మన్‌లకు నేర్పే మొదటి పాఠం ఏమిటో తెలుసా? ఆగిపోవడం! గాలి తమ వీపువైపు నుంచి వీచేలా చూసుకుని, దూరంగా కాస్త మెరకమీద బండి ఆపాలి. బైనాక్యులర్స్ తీసి ఆ కారుతున్నదేమిటో కనుక్కోవాలి. ఆ తరవాతే అడుగు ముందుకు.

ఎదురుగా మనుషులు పడిపోతుంటే ఆగి చూస్తూ నుంచోడం ఏం ధైర్యం, అంటారా? నేనూ అలాగే అందును. ఈ చిన్న పాఠం కోసం ఎంతమంది ప్రాణాలు గురుదక్షిణగా పోయాయో చదివాక మాత్రం ఆ మాట అనడానికి నోరు రాదు.

1947 ఏప్రిల్ 16. అమెరికాలోని టెక్సస్ సిటీ రేవులో గ్రాండ్‌కాంప్ అనే ఓడ. దాన్లో సుమారు 2,300 టన్నుల అమ్మోనియం నైట్రేట్. పొలాలకు చల్లే ఎరువే. పొద్దున్న ఎనిమిది గంటల వేళ సరుకుల గదిలోంచి పొగ వచ్చింది. నీళ్ళు కొడితే సరుకు పాడైపోతుందని మూతలు బిగించి లోపలికి ఆవిరి వదిలారు. దీపంమీద గిన్నె బోర్లిస్తే గాలాడక ఆరిపోయినట్టు ఇదీ ఆరిపోతుందని వాళ్ళ లెక్క. కానీ ఈ ఎరువు మండడానికి బయటి గాలి అక్కర్లేదు. కావలసిన ప్రాణవాయువు దాని కడుపులోనే ఉంది. లోపల వేడి పెరుగుతూ పోయింది. నారింజరంగు పొగ వింతగా ఉందని ఊళ్ళో జనం, పిల్లలతో సహా, చూడ్డానికి చేరారు. ఫైర్‌మన్‌లు గొట్టాలు పట్టుకుని ఓడ పక్కనే నిలబడ్డారు. 9 గంటల 12 నిమిషాలకు ఓడ పేలిపోయింది. ఆ ప్రమాదంలో మొత్తంమీద కనీసం 581 మంది పోయారు. ఓడ దగ్గరున్న ఫైర్‌మన్‌లు ఒక్కరూ మిగల్లేదు.

వాళ్ళకి ధైర్యం తక్కువా? ఎంతమాత్రం కాదు. తామెదురుగా ఉన్నదేమిటో వాళ్ళకి తెలీదు, అంతే.

ముప్ఫై రెండేళ్ళు గడిచాయి. 1979 నవంబరు 10 అర్ధరాత్రి కావస్తుండగా కెనడాలో, టొరంటో పక్కనున్న మిసిసాగా ఊళ్ళో ఒక గూడ్సు బండి పట్టాలు తప్పింది. 106 పెట్టెల బండి. ఒక పెట్టె ఇరుసు వేడెక్కి, చక్రం ఊడి, ఇరవైకి పైగా పెట్టెలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ప్రొపేన్ గ్యాసు ట్యాంకులు పేలి ఆకాశమంతా వెలుగైపోయింది. ఇక్కడ ఫైర్‌మన్‌లు ఏం చేశారో చూడండి. ముందు ఏ పెట్టెలో ఏముందో రాసి ఉన్న సరుకుల జాబితా సంపాదించి చదివారు. మంటల మధ్య ఒక ట్యాంకులో 90 టన్నుల క్లోరిన్ ఉందని అందులో తేలింది. ఊపిరితిత్తుల్ని కాల్చేసే విషవాయువు అది.

వెంటనే జనాన్ని కదిలించడం మొదలుపెట్టారు. ఇరవైనాలుగు గంటల్లో రెండు లక్షల పైచిలుకు మంది ఇళ్ళు వదిలి వెళ్ళారు. ఆస్పత్రుల్లో రోగుల్ని కూడా తరలించారు. మరి మంట సంగతో? దాన్ని ఆర్పలేదు! ఆర్పితే మండకుండా మిగిలిన గ్యాసు నేలబారున పాకి, ఎక్కడో నిప్పురవ్వ తగిలి మళ్ళీ పేలుతుంది. అందుకని పక్క ట్యాంకుల్ని నీళ్ళతో చల్లబరుస్తూ, మంటని దాని మానాన మండనిచ్చారు. ఆ వేడికి క్లోరిన్ చాలావరకు పైకెగిరి చెదిరిపోయింది. ట్యాంకు చిల్లు మూసి, జనమంతా ఇళ్ళు చేరేసరికి దాదాపు వారం పట్టింది. చనిపోయినవాళ్ళు ఒక్కరూ లేరు.

అదే మంట, అదే తెగువ. కాకపోతే మిసిసాగా వాళ్ళు ముందు చీటీ చదివారు.

ఆ చీటీ ప్రతిసారీ చేతికి దొరుకుతుందా? అందుకే బ్రిటన్‌లో 1970ల్లో ట్యాంకర్ల మీదే రాయించే ఒక సంకేతం తయారుచేశారు. హజ్‌కెమ్ అంటారు. మన రోడ్లమీదా ఉంది. ఈసారి బస్సు కిటికీలోంచి పెట్రోలు ట్యాంకరు కనిపిస్తే దానిమీద బోర్డు చూడండి. 1203 అని ఉంటుంది. అది పెట్రోలుకి ప్రపంచమంతటా ఉన్న నెంబరు. దానితో పాటు '3వైఇ' అని ఇంగ్లీషక్షరాల్లో ఉంటుంది. 3 అంటే నీళ్ళు కాదు, నురగ కొట్టమని. వై అంటే ఇది పేలే సరుకు, శ్వాసపరికరం తగిలించుకో, కారిందాన్ని కాలవల్లోకి పోనివ్వకు అని. చివరి ఇ అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే సంగతి ఆలోచించమని. మూడక్షరాల్లో ఎంత ఉత్తరమో!

'కాలవల్లోకి పోనివ్వకు' అనే మాట చాదస్తం కాదు. 1986 నవంబరు 1న స్విట్జర్లాండులోని బాసెల్ దగ్గర పురుగుమందుల గోదాము తగలబడింది. ఫైర్‌మన్‌లు ఆర్పారు. కానీ ఆర్పడానికి పోసిన నీళ్ళు మందుల్ని కడుక్కుంటూ వెళ్ళి రైన్ నదిలో కలిశాయి. నది ఎర్రబారింది. కొన్ని వందల కిలోమీటర్ల దాకా చేపలు చచ్చి తేలాయి. అందుకే ఇప్పుడు నీళ్ళు కొట్టేముందే మట్టితోనో ఇసుక బస్తాలతోనో అడ్డుకట్ట వేస్తారు.

ఇక లోపలికి వెళ్ళే తీరు చదువుతుంటే నాకు అమ్మమ్మల మడి గుర్తొచ్చింది. నవ్వకండి! విషం ఉన్నచోట ఒక గీత. అక్కడికి పూర్తి సూటు తొడుక్కుని, వీపున గాలి సిలిండరు మోసుకుని ఇద్దరిద్దరుగా వెళ్ళాలి, ఒంటరిగా వెళ్ళకూడదు. వాళ్ళకేమైనా అయితే పరుగెత్తడానికి అలాగే తయారై మరో ఇద్దరు బయట కాచుకుని ఉండాలి. సిలిండర్లో గాలి దాదాపు అరగంటకే వస్తుంది. తిరిగొచ్చాక ఆ గీతకీ ఈవలి గీతకీ మధ్య సూటు మీదే నీళ్ళు కొట్టి కడిగి, తరవాత విప్పాలి. శ్మశానం నుంచి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కోందే మనం గడప తొక్కనివ్వం కదా, అలా. కడక్కుండా వస్తే ఆ విషం బూట్లకంటుకుని ఇంటిదాకా వస్తుంది, పసిపిల్లలు పాకే నేలమీదికి.

ఇంత శాస్త్రమూ ఒక్క ప్రశ్నమీద నిలబడి ఉంది. అది ఏమిటి? ఆ జవాబు చెప్పవలసినవాళ్ళు చెప్పకపోతే ఎంత శిక్షణా గంగపాలే. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్‌లో అదే జరిగింది. మిథైల్ ఐసోసయనేట్ బయటపడింది. కర్మాగారంలో నీళ్ళు కొట్టారు గానీ వాయువు వచ్చే గొట్టం ఎత్తుకి అవి అందలేదు. అది ఏ విషమో, విరుగుడేమిటో ఆస్పత్రుల్లో డాక్టర్లకు చెప్పిన దిక్కు లేదు. తడిగుడ్డ మొహాన కప్పుకోమని జనానికి చెప్పిన నాథుడూ లేడు. పరుగెత్తి, ఎగశ్వాసతో మరింత పీల్చుకుని, వేలమంది పోయారు.

మన విశాఖపట్నంలో 2020 మే 7 తెల్లవారుజామున, ఆర్.ఆర్. వెంకటాపురం నిద్రపోతుండగా స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడింది. 12 మంది చనిపోయారు. సహాయక దళాల వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి స్పృహ తప్పినవాళ్ళని మోసుకొచ్చారు. గోడకవతల ట్యాంకుల్లో ఏముందో, అది గాలిలోకి వస్తే ఎటు పరుగెత్తాలో ఆ గోడకానుకుని బతికేవాళ్ళకి ముందే తెలిసి ఉండాలి కదా?

గాలివాలు చూసుకోవడం మనకి కొత్తేం కాదు. చేట పట్టి ధాన్యం తూర్పారబట్టిన ఆడది పొట్టు తన మొహాన పడేలా నిలబడుతుందా? ఎండుమిరపకాయలు వేయించేటప్పుడు కిటికీ తెరవడం మనకెవరు నేర్పారు? వంటింట్లో గ్యాసు వాసన వచ్చినప్పుడూ ఆ తెలివే కావాలి. గ్యాసుకి సొంత వాసన లేదు, మనకి తెలియడం కోసమే ఆ కంపు కలుపుతారు. అది గాలికన్నా బరువు కనక నేలమీద పరుచుకుంటుంది. స్విచ్ వెయ్యొద్దు, ఆర్పొద్దు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులూ కిటికీలూ బార్లా తీసి, పిల్లల్ని తీసుకుని బయటికొచ్చి, అప్పుడు 1906కో 101కో ఫోన్ చెయ్యండి. ఎన్ని సిలిండర్లున్నాయో, పక్కింటి గోదాములో ఏముందో కూడా చెప్పండి.

వచ్చే మనిషి మన గుమ్మం ముందు ఒక్క నిమిషం ఆగితే భయపడ్డాడనుకోకండి. అతని ఇంట్లోనూ అన్నం వండి ఎదురుచూసేవాళ్ళున్నారు.