మూలలు చెక్కగా కలిగిన నునుపు

జమ్మికుంట ప్రాంతపు వడ్రంగి చదరపు దుంగనుండి రోకలి చేయునప్పుడు మొదట నాలుగు అంచులను బాడిశతో చెక్కును. దుంగ ఎనిమిది పలకలదగును. ఆ అంచులను తిరిగి చెక్కిన పదునారు పలకలగును. తుదకు చిత్రిక పట్టగా చేతికి మూల తగులదు. కంప్యూటరు తెరపై నునుపైన రూపములను కల్పించు విభజన పద్ధతియు ఇట్టిదే.

1947లో జార్జ్ డి రామ్ అను స్విస్ గణితవేత్త, బహుభుజి మూలలను భుజముల మూడవ భాగముకడ కోయుచు పోయిన ఏర్పడు వక్రమును పరిశీలించెను. 1974లో జార్జ్ చైకిన్, నాలుగవ భాగముకడ కోయు నియమమును కంప్యూటరు కొరకు ప్రకటించెను. 4 అంగుళముల భుజముగల చతురస్రమును తీసికొందము. ప్రతి భుజముపై 1, 3 అంగుళములకడ గుర్తులుంచి మూలలు కోసిన, 4 మూలలు 8 అగును. పిమ్మట 16, 32. కడపటి వక్రము వృత్తమని తోచును, కాని కాదు. కేంద్రమునుండి భుజమధ్యమునకు 2 అంగుళములు; మూలవైపునకు ఇంచుమించు 2.12 అంగుళములు. ఇట్టి వక్రములు పరావలయ ఖండముల కూర్పులని 1975లో రిచర్డ్ రీసెన్‌ఫెల్డ్ చూపెను.

వక్రముకంటె తలము కష్టము. 1960వ దశకమున రెనో మోటారు సంస్థలో పియేర్ బెజియే వాడిన పద్ధతిలో తలమును ముక్కలుగా చేసి అతుకవలెను. ఐదు వ్రేళ్ల చేతిని అట్లు కప్పినచో, చేయి కదలినప్పుడు అతుకులు బయటపడవచ్చును. 1978లో ఎడ్విన్ కాట్మల్, జేమ్స్ క్లార్క్ దీనికొక ఉపాయము చెప్పిరి. ప్రతి ముఖమునకు, ప్రతి అంచుకు ఒక్కొక్క క్రొత్త బిందువునుంచి, పాత శీర్షములను పొరుగు బిందువుల సరాసరినిబట్టి జరుపవలెను. ఘనముయొక్క 6 ముఖములు ఇట్లు 24, 96, 384 అగును.

అయితే ఒక చిక్కు మిగిలెను. ఎన్నిమార్లు విభజించినను, ఘనముయొక్క తొలి 8 శీర్షములకడ మూడు ముఖములే కలియును. తక్కినచోట్ల నాలుగు కలియును. ఆ ఎనిమిదింటికడ నునుపు నిలుచునా? వడ్రంగి చేతితో తడిమి తెలిసికొనును; తెరపై రూపమునకు నిరూపణయే పరీక్ష. అదే 1978లో డూ, సాబిన్ అనువారు మాత్రికల సాయమున ఈ ప్రశ్నను విచారించిరి. నునుపు నిలుచుటకు చాలిన నియమములను 1995లో ఉల్రిచ్ రీఫ్ కచ్చితముగా నిరూపించెను.

రెండేండ్లకు, 1997లో, పిక్సార్ సంస్థ ‘గెరీస్ గేమ్’ అను చిన్న చిత్రమున ఒక వృద్ధుని ముఖమును, చేతులను, దుస్తులను ఈ పద్ధతితోనే మలచెను. 1998లో దానికి ఆస్కార్ బహుమతి లభించెను. ముడుతలు పడిన ఆ ముఖమున అతుకు కానరాదు.