బొగ్గుబాయి ఒప్పుకోలు: గోలేటి పరిసర క్రైస్తవ సంఘాల్లో పాపపు ఒప్పుదల, క్షమాపణ, సంతోషం

ప్రవేశిక

తెలంగాణ క్రైస్తవం మీద వెలువడిన పరిశోధనలో అధికభాగం పల్లెను గురించినదే. వాడలు, పొలం పనులు, ఊరి దేవతలు, కోతల పండుగ, వీటి నడుమ నిలిచిన సంఘమే పండితుల కంటికి ఆనింది. సింగరేణి బొగ్గు కాలనీల్లోని సంఘం వాళ్ల లెక్కలోకి రాలేదు. 1920లో ఆ పేరుతో కంపెనీ ఏర్పడి నూరేళ్లు దాటింది. బాయి (గని) కార్మికుడి సమ్మెలు, వేతన ఒప్పందాలు, ప్రమాదాలు, పాటలు పుస్తకాలకెక్కాయి. అతను మోకరించి ఏం చెప్పుకున్నాడో, ఎవరెదుట చెప్పుకున్నాడో, ఆ తర్వాత అతని ఇంట్లో ఏం మారిందో పట్టించుకున్నవాళ్లు మాత్రం కనబడరు. ఈ నిర్లక్ష్యం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. ఈ వ్యాసానికి ప్రేరణ అదే.

పరిశీలనకు ఎంచుకున్న చోటు గోలేటి. కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని ఈ టౌన్‌షిప్ సింగరేణి బెల్లంపల్లి ఏరియాకు కేంద్రం. జనరల్ మేనేజర్ కార్యాలయం ఇక్కడే ఉంది. ఒకప్పుడు ఇంక్లైన్ బాయిల్లో దిగినవాళ్లు, ఇప్పుడు కైరిగూడ ఓసీ (ఓపెన్‌కాస్ట్ గని)లో డంపర్లు నడిపేవాళ్లు, మెడికల్ అన్‌ఫిట్ అయి కొడుక్కి నౌకరీ పెట్టించినవాళ్లు ఇక్కడ ఇరుగుపొరుగుగా బతుకుతారు. బొగ్గు పట్టణాల్లో సీఎస్ఐ, బాప్తిస్టు, హెబ్రోను, బైబిల్ మిషన్, పెంతెకొస్తు విశ్వాసులు బెల్లంపల్లి, మందమర్రి మొదలు గోదావరిఖని దాకా చుట్టరికాలతో అల్లుకుపోయారు. గోలేటి పరిసరాల కథోలికులు 1999లో ఏర్పడిన ఆదిలాబాద్ సీరో మలబారు మేత్రాసనం కిందికి వస్తారు. సంఘాలు వేరైనా, సాక్ష్యం చెప్పే తీరులో వీళ్లందరికీ ఒక పోలిక ఉంది. నా వాదన ఆ పోలిక మీదే నిలబడుతుంది.

ఆ వాదన ఇది: బొగ్గుబాయి సంఘాల్లో పాపపు ఒప్పుకోలు దేవునికీ మనిషికీ మధ్య మొదలై, అన్యాయానికి గురైన మనిషి గడపలో పూర్తవుతుంది. క్షమాపణ ప్రార్థనలో దొరకవచ్చు. సంతోషం మాత్రం బాకీ తీరాకే వస్తుంది. ఈ సంఘాలను నిలబెట్టింది రోగ స్వస్థత కంటే ఎక్కువగా ఈ ఒప్పుకోలే.

పూర్వ పరిశోధనలు: మూడు అభ్యంతరాలు

జె. వాస్కమ్ పికెట్ 1933లో భారతదేశపు సామూహిక క్రైస్తవోద్యమాల మీద రాసిన గ్రంథం, ప్రజలు ఎందుకు బాప్తిస్మం పొందారన్న ప్రశ్నతో నడుస్తుంది. సుసాన్ బిల్లింగ్టన్ హార్పర్ 2000లో డోర్నకల్ బిషప్ వి. ఎస్. అజరయ్య జీవితం మీద విలువైన పుస్తకం తెచ్చారు. వీటితో నాకు పెద్ద పేచీ లేదు. నా పేచీ పి. వై. లూక్, జాన్ కార్మన్ 1968లో ప్రచురించిన ‘విలేజ్ క్రిస్టియన్స్ అండ్ హిందూ కల్చర్’తోనూ, దాని కొనసాగింపుగా కార్మన్, చిలుకూరి వసంతరావు 2014లో తెచ్చిన ‘క్రిస్టియన్స్ ఇన్ సౌత్ ఇండియన్ విలేజెస్’తోనూ.

మెదక్ ప్రాంతపు పల్లె సంఘాలను 1959లో ఒకసారి, యాభై ఏళ్ల తర్వాత మరోసారి చూసి రాసిన ఈ రెండు పుస్తకాలు తెలంగాణ క్రైస్తవానికి ప్రామాణికాలుగా చలామణీ అవుతున్నాయి. వాటి వెనుక ఉన్న ఓపిక గొప్పది. వాటి నుంచి పాఠకుడు చివరకు తీసుకెళ్లే చిత్రం మాత్రం ఒకటే: జబ్బు చేసింది, ప్రార్థన చేయించారు, నయమైంది, నమ్మారు. పాత మిషన్ సంఘాలు నీరసించిన చోట కొత్త స్వతంత్ర సంఘాలు పెరగడానికి కూడా స్వస్థతనే పెద్ద కారణంగా చూపారు. ఆ చిత్రంలో పాపం, ఒప్పుదల, క్షమాపణ ఆరాధన క్రమంలో చదివే నాలుగు మాటలుగా మిగిలిపోయాయి.

నా మొదటి అభ్యంతరం అడిగే తీరు మీద. ‘మీరు క్రైస్తవులు ఎట్లయిన్రు?’ అని అడిగితే ఎవరైనా మొదటి మలుపునే చెబుతారు. బిడ్డకు జ్వరం, భార్యకు గర్భస్రావం, తనకు కామెర్లు. గోలేటిలో నేనూ మొదట అదే అడిగాను, అవే జవాబులు విన్నాను. ‘మీకు సంతోషం ఎప్పుడు దొరికింది?’ అని అడిగినప్పుడు మాత్రం ఆ మనుషులే వేరే కథ ఎత్తుకున్నారు. అందులో ఆస్పత్రి లేదు. అందులో అన్నతో తగాదా ఉంది, తాగి కొట్టిన చేయి ఉంది, ఎగ్గొట్టిన అప్పు ఉంది. స్వస్థత వాళ్లను గుమ్మం దాకా తెచ్చింది. లోపల కూర్చోబెట్టింది ఒప్పుకోలు. లూక్, కార్మన్ గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

రెండో అభ్యంతరం చోటు మీద. పల్లెలో ఒకడి తప్పు ఊరంతటికీ తెలుసు, తీర్చడానికి కులపెద్దలు ఉన్నారు. బొగ్గు కాలనీలో కరీంనగర్‌వాడి పక్క క్వార్టర్‌లో వరంగల్‌వాడు, అతని పక్కన ఉత్తరాది మనిషి. ఇక్కడ తప్పు మోసుకు తిరగడం సులువు, దించుకోవడం కష్టం. దించుకునే చోటు సంఘమే అయింది. పల్లె కొలతతో దీన్ని కొలవలేం.

మూడో అభ్యంతరం లేఖనం మీద. రోగి కోసం పెద్దలు ప్రార్థించాలని చెప్పిన యాకోబు పత్రిక ఐదో అధ్యాయమే, ఆ వెంటనే ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకోవాలని కూడా చెబుతుంది. స్వస్థతను తీసుకుని ఒప్పుకోలును వదిలేయడం ఆ అధ్యాయాన్ని సగం చదవడమే.

రెండు సాక్ష్యాలు

రిటైరైన ఒక సపోర్ట్‌మన్ సాక్ష్యం ఇది. నౌకరీ రోజుల్లో అతను ఫైనాన్స్‌లో అప్పు తీసుకుంటూ, అదే షిఫ్టులో పనిచేసే దోస్తును జామీను పెట్టాడు. జీతం రోజునే కల్లు, మందు, పేకాట. నాగాలు పెరిగాయి, కిస్తీలు ఆగాయి. జామీను పడ్డవాడి జీతంలో కటింగ్ మొదలైంది. రెండు ఇళ్లకూ మాటల్లేకుండా పోయాయి. బాయిలోకి దింపే ఒకే కేజీలో దిగి, గనిలో ఒకే డిస్ట్రిక్టులో కప్పు కింద దిమ్మెలు నిలబెట్టిన ఇద్దరు మనుషులు ముఖాలు చూసుకోవడం మానేశారు.

భార్య పోరు మీద అతను ఒక రాత్రి క్వార్టర్‌లో జరిగే ప్రార్థన కూడికకు వెళ్లాడు. సెకండ్ షిఫ్టు దిగి వచ్చినవాళ్లు స్నానం చేసి, తడి తలలతోనే చాప మీద కూర్చున్నారట. పాట అయింది, వాక్యం అయింది. అతను లేచి తాగుడు ఒప్పుకుని ఏడ్చాడు. అందరూ స్తోత్రం చెప్పారు. అప్పుడు సంఘ పెద్ద ఒకాయన మెల్లగా అడిగాడట, జామీను పడ్డ అన్నకు ఈ మాట చెప్పావా అని. ఆ ప్రశ్నతో తన ఏడుపు ఆగిపోయిందని అతను ఇప్పటికీ చెబుతాడు. దేవుని ముందు చెప్పడం కంటే ఆ ఇంటి తలుపు కొట్టడమే బరువైన పని అయింది.

జీతం పడ్డ రోజు భార్యను వెంటబెట్టుకుని వెళ్లాడు. చేతిలో మొదటి కిస్తీ. అవతలి మనిషి డబ్బు తీసుకున్నాడు, కూర్చోమనలేదు. నెలలు గడిచాయి. బాప్తిస్మం ఆ మధ్యలోనే అయింది. చివరి కిస్తీ ఇచ్చిన రోజు ఆ ఇంటి ఇల్లాలు అన్నం పెట్టింది. నేను సంతోషం గురించి అడిగినప్పుడు అతను చెప్పింది బాప్తిస్మపు రోజు కాదు, ఆ అన్నం తిన్న రోజు. ఆనాటికి గానీ పానం తేలికపడలేదన్నాడు.

రెండో సాక్ష్యం ఒక అక్కది. ఆమె గిరిగిరి వడ్డీకి డబ్బు తిప్పేది. బొగ్గు పట్టణాల్లో అప్పిచ్చేవాళ్లు కార్మికుల ఏటీఎం కార్డులు కుదువ పెట్టుకోవడం తెలిసిందే. ఆమె దగ్గరా కార్డులు ఉండేవి, పిన్ నంబర్లు కాగితం మీద రాసి ఉండేవి. ఉపవాస కూడికలో ఆమె ఒప్పుకున్నది డబ్బాశ. ఆ వారమంతా ఆమె చేసింది, కార్డులు తీసుకుని ఇల్లిల్లూ తిరగడం. అసలు ఇస్తే చాలు, వడ్డీ వద్దని చెప్పింది. కొందరు నమ్మలేదు, ఇదేదో కొత్త మోసమనుకున్నారు. ఒక కోడలుపిల్ల కార్డు చేతిలో పడగానే ఆమెను పట్టుకుని ఏడ్చిందట. నెహెమ్యా గ్రంథం ఐదో అధ్యాయంలో యెరూషలేము ప్రధానులు పొలాలను, వడ్డీని పేదలకు తిరిగి ఇచ్చిన ఘట్టం ఆమెకు ఎవరూ బోధించలేదు. ఆమె దాన్ని బతికి చూపించింది.

లేఖనం, బాకీ, సంతోషం

ఈ సాక్ష్యాలు పాతనిబంధన న్యాయానికి ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించాలి. లేవీయకాండం ఆరో అధ్యాయం, పొరుగువాడిని మోసగించినవాడు సొమ్ముకు ఐదో వంతు కలిపి ఇచ్చాకే అపరాధ పరిహార బలి తేవాలంటుంది. కొండమీది ప్రసంగంలో యేసు, బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి సహోదరునితో సమాధానపడి రమ్మన్నాడు. జక్కయ్య నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాకే ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్న మాట వినబడింది. ముప్పై రెండో కీర్తనలో దావీదు మౌనంగా ఉన్నంతకాలం ఎముకలు క్షీణించాయంటాడు, ఒప్పుకున్నాక ధన్యత గురించి పాడతాడు. యాభై ఒకటో కీర్తన కోల్పోయిన రక్షణానందాన్ని తిరిగి అడుగుతుంది. ఈ రెండు కీర్తనల అనుభవంలోనూ సంతోషం ఒప్పుకోలుకు ముందు రాదు.

బైబిల్ మిషన్ వ్యవస్థాపకులు ఎం. దేవదాసు అయ్యగారు ప్రార్థనను మెట్లుగా బోధించినప్పుడు ఒప్పుదలకు ఒక మెట్టు కేటాయించారు. 1950లో హైదరాబాదులో హెబ్రోను స్థాపించిన బక్త్ సింగ్ బోధలో పశ్చాత్తాపంతో పాటు తప్పు దిద్దుకోవడం మీద గట్టి పట్టు కనిపిస్తుంది. కథోలికుల పాపసంకీర్తనం గురువు చెవిలో రహస్యంగా జరిగేదే అయినా, దొంగసొమ్ము తిరిగి ఇవ్వాలన్న షరతు అక్కడా ఉంది. గోలేటి విశ్వాసి ఈ వాగుల నీళ్లన్నీ తాగాడు. అయినా అతని ఒప్పుకోలుకు వేరే రుచి ఉంది. దానికి కారణం బాయి.

బాయి నేర్పిన వేదాంతం

భూమి కింద పనిచేసేవాడికి రేపటి మీద హామీ లేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. అలాంటి రోజులు గుర్తున్న తరం, పగతో కేజీ ఎక్కకూడదన్న పట్టుదలను తనంతట తానే పెంచుకుంది. ‘ఆఖరి మస్టర్’ (చివరి హాజరు) ఎవరిదో తెలియదన్న ఎరుక ఒప్పుకోలును వాయిదా వేయనివ్వదు.

ఇది గోలేటికే పరిమితమైన విషయం కాదు. 1904లో వేల్స్ దేశాన్ని కదిలించిన ఉజ్జీవంలో ముందు నిలిచిన ఇవాన్ రాబర్ట్స్ చిన్ననాటే బొగ్గుగనిలో దిగినవాడు. అతను చెప్పిన నాలుగు నియమాల్లో మొదటిది తెలిసిన ప్రతి పాపాన్నీ ఒప్పుకోవడం. గని కార్మికులు పాత అప్పులు తీర్చిన సంగతి ఆ ఉజ్జీవ చరిత్రలో ప్రసిద్ధం. వెల్ష్ మిషనరీలు పనిచేస్తున్న ఖాసీ కొండలకు 1905లో ఆ కదలిక చేరింది. అదే ఏడాది పండిత రమాబాయి ముక్తి సదనంలో ఉజ్జీవం వచ్చింది. 1906లో ఒంగోలు మొదలైన తెలుగు బాప్తిస్టు సంఘాల్లో బహిరంగ ఒప్పుకోళ్లు మొదలయ్యాయి. 1907 జనవరిలో కొరియాలోని ప్యాంగ్యాంగ్‌లో గిల్ సొన్‌జు, చనిపోయిన స్నేహితుడు అప్పగించిన ఆస్తిలోంచి సొమ్ము వాడుకున్నానని సభలో లేచి చెప్పాడు. అక్కడా ఒప్పుకోలు డబ్బు దగ్గరికే వచ్చింది. బొగ్గుగనిలో పుట్టిన ఒప్పుకోలు తెలుగు నేల మీద తిరిగి బొగ్గుగనికే చేరిందని నేను భావిస్తున్నాను.

ఈ ఒప్పుకోలుకు మరో మూలం కూడా ఉంది. 1981 సమ్మె కాలంలో పుట్టిన సింగరేణి కార్మిక సమాఖ్య బొగ్గు పట్టణాల్లో ఒక తరాన్ని మలిచింది. విమర్శ, ఆత్మవిమర్శ అన్న పద్ధతి వామపక్ష సంఘాల ద్వారా కార్మికుడికి అలవాటైంది. పదిమందిలో లేచి తన లోపం తాను చెప్పుకోవడం అతనికి చర్చిలో కొత్తగా నేర్పవలసిన పని కాలేదు. యూనియన్ మీటింగ్‌లో చెప్పుకున్నాక క్రమశిక్షణ ఉండేది. సంఘంలో చెప్పుకున్నాక క్షమాపణ దొరికింది. ఆ తేడా దగ్గరే సువార్త అతనికి సువార్త అయింది. సింగరేణి క్రైస్తవాన్ని ఎర్రజెండా చరిత్ర నుంచి విడిగా రాయడం ఇక సాధ్యం కాదు.

ఈ ఒప్పుకోలుకు మరో వైపు కూడా ఉంది: నలుగురిలో చెప్పుకున్న తప్పు మర్నాడు వాడలో చాడీగా తిరిగిన సందర్భాలూ, భూగర్భ గనులు మూతపడి ఓసీలు పెరిగాక కాంట్రాక్టు కార్మికుల్లో ఈ కూడికలు పలచబడ్డ తీరూ లేకపోలేదు.

ముగింపు

పాపపు ఒప్పుదలను మనసులోని వ్యవహారంగా, క్షమాపణను ఆరాధన క్రమంలోని ఒక ప్రకటనగా, సంతోషాన్ని భావోద్రేకంగా చూసే అలవాటును మన వేదాంత కళాశాలలు మానుకోవాలి. గోలేటి విశ్వాసులు ఈ మూడింటినీ ఒకే దారిగా నడిచి చూపించారు. దేవుని ముందు మోకరింపు, పొరుగువాడి గడప, ఇద్దరూ కలిసి తిన్న అన్నం, ఇదీ ఆ దారి. ఈ క్రమంలో ఏ ఒక్కటి తప్పినా సంతోషం నిలవలేదని వాళ్ల సాక్ష్యాలు చెబుతున్నాయి. తెలుగు క్రైస్తవుల క్షమాపణ సిద్ధాంతాన్ని బొగ్గు కాలనీల నుంచి మొదలుపెట్టి మళ్లీ రాయవలసి ఉంది. బాయి తరంవాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు కనుక వాళ్ల సాక్ష్యాలను రికార్డు చేసే పని ముందుగా జరగాలి. లూక్, కార్మన్, వసంతరావు అడిగిన ప్రశ్నను మార్చి, మీకు సంతోషం ఎప్పుడు దొరికిందని అడిగితే, మెదక్ పల్లెల్లో కూడా గోలేటి జవాబే వస్తుందని నా దృఢమైన నమ్మకం.