కమాన్ కట్ట నుంచి కమిషన్ దాకా: ఉత్తర తెలంగాణలో జీపు కొన్నవారి హక్కుల చరిత్ర

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో మోటారు వాహనం కొన్నవారికీ దాన్ని తయారుచేసిన కంపెనీకీ మధ్య వచ్చిన తగాదాల చరిత్రను పరిశీలిస్తే, ప్రతి దశలోనూ ఒకే ప్రశ్న ఎదురవుతుంది: విరిగిన భాగం తయారీలోని లోపం వల్ల విరిగిందా, దారి బాగాలేక విరిగిందా? ఈ ప్రశ్నకు సాక్ష్యంతో జవాబు చెప్పే బాధ్యత చాలాకాలం కొన్నవారి మీదే ఉండిపోయింది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాల విషయంలో ఇది మరింత అన్యాయం. ఎందుకంటే అవి బాగాలేని దారుల కోసమే తయారై, ఆ పేరు చెప్పుకునే అమ్ముడయ్యాయి.

నిజాం పాలనలో మోటారు రవాణా ప్రధానంగా ప్రభుత్వ వ్యవహారంగా ఎదిగింది. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. నాటి ఆల్బియన్ బస్సులు స్కాట్లండ్‌లో తయారైనవి. వాహనాలు కొన్నదీ, వాటిని నడిపిందీ, సొంత వర్క్‌షాపుల్లో బాగుచేయించిందీ ప్రభుత్వ శాఖే కనుక, తయారీదారును నిలదీయగల బలం దానికి ఉండేది. కాజీపేట–బల్లార్షా రైలు మార్గానికి దూరంగా ఉన్న ఉట్నూరు, జైనూరు, నార్నూరు వంటి గోండు పల్లెలకు మాత్రం ఎడ్లబండే ఆధారం. వానాకాలంలో నల్లరేగడి నేల బురదై, వాగులు పొంగితే ఆ బండి కూడా ఆగిపోయేది.

ఈ నేల మీద నడవగల వాహనంగా జీపు వచ్చింది. మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో 1945లో ఏర్పడి, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారిన కంపెనీ, అమెరికాలోని విల్లీస్ సంస్థ జీపులను 1940ల చివర ముంబైలో కూర్చడం మొదలుపెట్టింది. ఆ జీపు బరువంతా నాలుగు కమాన్ కట్టల మీద నిలిచేది. వంపు తిరిగిన ఉక్కు పట్టీలను పెద్దదాని కింద చిన్నదాన్ని పేర్చి, మధ్యలో సెంటర్ బోల్టుతో బిగించి, యు-బోల్టులతో ఇరుసుకు కట్టిన అమరికనే కమాన్ కట్ట అంటారు. చక్రం గుంతలో పడినప్పుడు పట్టీలు సాగి, ఒకదానితో ఒకటి రాసుకుంటూ అదురును మింగుతాయి. ఆ ఊపు అదేపనిగా సాగిపోకుండా షాకబ్జర్ అణచిపెడుతుంది. పట్టీ ఉక్కును కాచి చల్లార్చే పనిలో తేడా వచ్చినా, బోల్టు రంధ్రం అంచున చిన్న పగులు మిగిలినా, బరువు మోసే మొదటి పట్టీ కాలం తీరకముందే విరుగుతుంది.

విరిగిన పట్టీని దగ్గరగా చూస్తే కారణం చాలావరకు తెలుస్తుంది. చాలాకాలంగా లోలోపల పెరిగిన పగులు ఉన్నచోట లోహం నున్నగా, నల్లబడి, ఒడ్డున అలలు మిగిల్చిన గీతల వంటి చారలతో కనిపిస్తుంది. చివరి దెబ్బకు తెగిన భాగం గరుకుగా మెరుస్తుంది. నల్లబడిన భాగం ఎక్కువగా ఉంటే, పగులు పాతదనీ, ఆనాటి గుంత ఆఖరి నెపం మాత్రమేననీ అర్థం. అయితే కెరమెరి ఘాటులోనో, మంథని అడవి దారిలోనో బండి ఆగినప్పుడు యజమానికి కావలసింది మర్నాటి ప్రయాణమే గాని సాక్ష్యం కాదు. మేస్త్రీ కొత్త పట్టీ వేసేవాడు. పాతది పాత ఇనుము వారికో, గొడ్డళ్లూ కొడవళ్లూ సాగగొట్టే కమ్మరి కొలిమికో చేరేది. కంపెనీ మీద నిలబడగల ఒకే ఒక్క రుజువు ఆ విధంగా కరిగిపోయేది.

చట్టం కూడా తొలినాళ్లలో పెద్దగా ఆదుకోలేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 1951లో హైదరాబాద్ రాష్ట్రానికి విస్తరించింది. కొనేవాడే చూసి కొనుక్కోవాలన్నది దాని మూలసూత్రం. కొన్నవాడు తన అవసరాన్ని ముందే చెప్పి, అమ్మినవాడి నైపుణ్యం మీద ఆధారపడితే, సరుకు ఆ అవసరానికి తగినదై ఉండాలని 16వ సెక్షన్ అంటుంది. కాని పేటెంటు పేరుతో గాని, వ్యాపార నామంతో గాని అడిగి కొన్న వస్తువుకు ఆ రక్షణ వర్తించదని వెంటనే మినహాయించింది. పేరు చెప్పి జీపు కొన్నవారు ఈ మినహాయింపులోనే చిక్కుకునే ప్రమాదం ఉండేది. పైగా సివిల్ కోర్టులో దావాకు కోర్టు ఫీజూ, ఏళ్ల తరబడి తిరుగుడూ తప్పేవి కావు.

1986లో వచ్చి 1987లో అమలైన వినియోగదారుల రక్షణ చట్టం జిల్లా ఫోరాలకు దారితీసి, ఈ పరిస్థితిని మార్చింది. పరీక్షిస్తే తప్ప తేలని లోపమైతే, నమూనాకు సీలు వేసి ప్రయోగశాలకు పంపి, 45 రోజుల్లో నివేదిక తెప్పించమని చట్టం చెప్పింది; విరిగిన పట్టీని దాచుకోవడానికి మొదటిసారిగా ఒక విలువ ఏర్పడింది. వాణిజ్య ప్రయోజనానికి కొన్నవారు వినియోగదారులు కారన్న నిబంధన అద్దె జీపుల యజమానులకు అడ్డుగా ఉండగా, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్నవారికి అది వర్తించదని 1993 సవరణ స్పష్టం చేసింది. ఆసిఫాబాద్, ఉట్నూరు దారుల్లో సొంత జీపు తోలుకుని ఇల్లు గడుపుకునే వారికి ఈ ఒక్క వివరణ ఎంతో మేలు చేసేది. అయినా ఫిర్యాదు రెండేళ్లలోపు వేయాలి; కంపెనీకి గాని, డీలరుకు గాని వ్యాపార స్థలం ఉన్నచోట, లేదా వివాదానికి కారణం పుట్టినచోట మాత్రమే వేయాల్సి వచ్చేది.

న్యాయస్థానాల దృష్టి కూడా మెల్లగా మారింది. వారంటీ కింద తయారీదారు బాధ్యత లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం వరకేననీ, ఆ షరతును దాటి మొత్తం కారునే మార్చమనడం సరికాదనీ మారుతి ఉద్యోగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని హ్యుందాయ్ కారు కేసులో, వేగాన్నీ తాకిడి బలాన్నీ లెక్కగట్టే భౌతికశాస్త్ర నిపుణుడిగా వినియోగదారు ఉండనక్కర లేదని అదే కోర్టు 2022లో చెప్పి, వాహనాన్ని మార్చి ఇవ్వాలన్న ఆదేశాన్ని సమర్థించింది. ఈ రెంటి మధ్య పదహారేళ్లలో రుజువు భారం కొంత పక్కకు జరిగిందని చెప్పవచ్చు.

2020 జూలై 20న అమలైన 2019 నాటి కొత్త వినియోగదారుల రక్షణ చట్టం, ఫిర్యాదుదారు నివసించే చోటే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసే హక్కునిచ్చింది; షోరూం ఎక్కడున్నా ఆదిలాబాద్ వాసి ఆదిలాబాద్‌లోనే అడగవచ్చు. లోపం వల్ల మనుషులకు గాయమైతే తయారీదారే బాధ్యుడన్న ఉత్పత్తి బాధ్యతను కూడా అది తెచ్చింది. అయితే వాహనానికే కలిగిన నష్టం అందులోకి రాదు కనుక, గాయాలు లేని కమాన్ తగాదా ఎప్పటిలా లోపమున్న వస్తువు ఫిర్యాదుగానే నడవాలి. ఇక రీకాల్, అంటే లోపమున్న వాహనాలన్నిటినీ కంపెనీయే వెనక్కి పిలిపించి సరిచేయడం, 2012 నుంచి తయారీదారుల సంఘం స్వచ్ఛంద నియమావళిగా ఉండేది. మోటారు వాహనాల చట్టంలో కొత్తగా చేరిన 110ఏ సెక్షన్ కింద 2021 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వమే దాన్ని ఆదేశించగలుగుతోంది. అందుకు ఒక ఆధారం ఒకే రకం వాహనం మీద తగినంతమంది యజమానులు చేసే ఫిర్యాదులే కనుక, ఒక్కొక్కరు తమ బండిని మౌనంగా బాగుచేయించుకుంటే ఆ లెక్క ఎన్నటికీ కూడదు.

ఈ చరిత్ర చెప్పే సంగతి స్పష్టమైనది. చట్టం ఎంత మారినా అది పనిచేసేది కాగితం మీద నిలిచిన సాక్ష్యంతోనే. విరిగిన పట్టీని పారేయకుండా ఉంచి, ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల వద్ద విరిగిందో మేస్త్రీ చేత రాయించి, డీలరు జాబ్ కార్డుకు ప్రతి తీసుకుని, కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసినవారికే హక్కు చేతికందుతుంది. విరిగిన పట్టీని చూసి కారణం చెప్పగల, ఉత్తర తెలంగాణ మేస్త్రీలకు తరాలుగా తెలిసిన విద్య ఫిర్యాదు కాగితంలోకి ఎక్కిన నాడు, అడవి దారుల కోసమే అమ్మిన వాహనం అడవి దారిలో విరిగితే ఆ నేరాన్ని దారి మీదికి నెట్టే వాదన నిలబడటం కష్టమవుతుంది.