వేషం ఊరిది, అక్షరం మనది

ఈసారి కొంచెం వేరే చరిత్ర రాస్తున్నాం, ఓపికగా చదవండి.

మా ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, రైల్వే ఆఫీసులో ఇంగ్లీషు. ఇప్పుడు ఇక్కడ యాపలదిన్నిలో కన్నడం, తెలుగు రెండూ. ఏ ఊరికి పోతే ఆ ఊరి తీరున మెలగాలని మాకు అలవాటే. కంప్యూటర్ ప్రోగ్రాములకూ ఇదే తిప్పలని మన సభ్యుల పట్టీ రాసినప్పుడు తెలిసింది. మేము విండోస్‌లో టైపు చేసిన పట్టీని ఇంకొకరు లినక్స్‌లో ఒక పాత ప్రోగ్రాంతో తెరిస్తే ఒత్తులన్నీ విడిపోయాయి. "మా నాయన పేరు ఇట్లా రాస్తారా?" అని ఒక పెద్దాయన నొచ్చుకున్నారు.

విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలో బటన్లు, మెనూల తీరు వేరు. మూడింటికీ విడివిడిగా ప్రోగ్రాం రాయాలంటే పని మూడింతలు. అందుకని రెండు దారులు పుట్టాయి.

మొదటిది, బటన్‌ను ఆ సిస్టమ్‌నే అడిగి తీసుకోవడం. 1992లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో జూలియన్ స్మార్ట్ మొదలుపెట్టిన డబ్ల్యుఎక్స్ విడ్జెట్స్ ఇట్లాంటిదే. 1996లో జావాతో వచ్చిన ఏడబ్ల్యుటీ కూడా అంతే. రూపు ఊరిదే, కానీ ఒకచోట సరిపోయిన కొలత ఇంకోచోట సరిపోదు.

రెండోది, అన్నీ తానే గీసుకోవడం. 1998లో జావా స్వింగ్ ఈ దారి పట్టింది. ఎక్కడైనా ఒకే ముఖం, కానీ పరాయి ముఖమని ఇట్టే తెలిసిపోయేది. నార్వేలో పుట్టిన క్యూటీ కూడా తానే గీస్తుంది, అయితే ఆ సిస్టమ్ రూపు చూసి దాని మాదిరిగా గీస్తుంది.

మన తెలుగుకు బటన్ ఒక్కటే చాలదు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం లోపల ఆరు సంకేతాలున్నాయి. వాటిని కలిపి రూపం కట్టే భాగం విండోస్‌లో ఒకటి, లినక్స్‌లో ఇంకొకటి. అది సరిగ్గా లేకపోతే బటన్ ఎంత అందంగా ఉన్నా పేరు చదవలేం.

2017లో వచ్చిన లిబ్రే ఆఫీస్ 5.3 అన్ని సిస్టముల్లోనూ హార్ఫ్‌బజ్ అనే ఒకే భాగంతో అక్షరాలు కట్టడం మొదలుపెట్టింది. బటన్లు మాత్రం ఏ సిస్టమ్‌లో ఆ సిస్టమ్ తీరే. మాకు ఇదే న్యాయమనిపించింది. వేషం ఊరికి తగ్గట్టు మార్చుకోవచ్చు, పేరు మాత్రం ఎక్కడైనా ఒకటే ఉండాలి.

పట్టీని దాంట్లోనే, అందరం ఒకే ఫాంటుతో మళ్లీ కట్టాం. మీ పేరు, మీ నాయన పేరు ఒకసారి చూసుకోండి. ఒక్క ఒత్తు తప్పినా చెప్పండి, దిద్దుతాం.