గురువులు లేని రెండు శతాబ్దములు

కథోలిక మతమున భక్తుని జీవితము ఏడు దివ్యసంస్కారముల చుట్టును అల్లుకొని యుండును. శిశువునకు జ్ఞానస్నానము, తప్పు చేసినవానికి పాపసంకీర్తనము, పూజయందు దివ్యసత్ప్రసాదము, మరణశయ్యపై అవస్థాభ్యంగనము - పుట్టుక మొదలు మరణము వరకు దైవానుగ్రహము వీని ద్వారమున లభించునని ఆ మతస్థుల విశ్వాసము. వీనిలో పెక్కింటిని అభిషేకము పొందిన గురువు మాత్రమే జరుపవలెను. అట్టి గురువులను ఒక దేశమునుండి సమూలముగ తొలగించినచో అచ్చటి భక్తుల గతి యేమి? జపాను దేశచరిత్రలో ఈ ప్రశ్న రెండువందల యేండ్లకు పైగా నిలిచినది.

1549 ఆగస్టు 15న ఫ్రాన్సిస్ జేవియర్ కగోషిమాలో అడుగిడెను. అరువదియేండ్లు గడచునప్పటికి ఆ దేశమున క్రైస్తవులు సుమారు 3,00,000 మంది యుండిరని అంచనా. ఈ మతము వెంట విదేశీయుల ప్రాబల్యము వచ్చునని పాలకులు శంకించిరి. 1587లో బోధకులను వెడలిపొమ్మని శాసనమయ్యెను. 1597లో నాగసాకియందు 26 మందిని శిలువ వేసిరి. 1614లో తొకుగావా ప్రభుత్వము మతమునే దేశమంతట నిషేధించెను. 1637-38 నాటి షిమబరా తిరుగుబాటు అణగిన పిమ్మట నిర్బంధము మరింత బిగిసెను. ప్రతి కుటుంబమును ఒక బౌద్ధాలయమున పేరు నమోదు చేయించుకొనవలెను. నాగసాకి ప్రాంతమున ఏటేట క్రీస్తు ప్రతిమనో, మరియమాత ప్రతిమనో అధికారుల యెదుట కాలితో తొక్కవలెను. 1644లో కొనిషి మన్సియో అను జపాను గురువు హతుడయ్యెను. ఆయనతో ఆ దేశమున గురుపరంపర తెగిపోయినది.

అయినను రెండు ద్వారములు మూతపడలేదు. అవసరము కలిగినపుడు జ్ఞానస్నానమును ఎవరైన ఈయవచ్చునని శ్రీసభ పూర్వమునుండి బోధించుచున్నది. రెండవది ఉత్తమ మనస్తాపము. నరకభయముచే గాక దైవప్రేమచే పాపమునకు దుఃఖించి, పాపసంకీర్తనము చేయవలెనను సంకల్పము గలవానికి, ఆ సంస్కారము పొందకముందే దేవునితో సఖ్యము కలుగునని 1551లో త్రెంతు మహాసభ నిర్ణయించెను. ఈ బోధ ఆధారముగ 1603లో జపాను భాషలో ‘కొంచిరిసాన్ నో ర్యాకు’ అను చిన్న గ్రంథము వెలువడెను. పీఠాధిపతి లూయిస్ సెర్కేరా దీని కర్త యందురు. ‘కొంచిరిసాన్’ అనునది మనస్తాపమునకు గల పోర్చుగీసు పదమే. గురువు లేనిచోట పాపి యెట్లు విలపించవలెనో ఇందు చెప్పబడినది. నిషేధకాలమున ఇది వ్రాతప్రతులలోను, అంతకు మిక్కిలిగ జ్ఞాపకములోను బ్రతికెను. పగలు ప్రతిమను తొక్కివచ్చినవారు ఇల్లు చేరి దీనిని వల్లించెడివారు. బ్రతుకుటకై చేసిన తప్పునకు క్షమాపణ కోరు మార్గ మిదియొక్కటే వారికి మిగిలినది.

నాగసాకి చేరువనున్న ఉరకామి పల్లెలో రహస్యముగ మూడు పదవులు ఏర్పడెను. ఒకడు పంచాంగమును కాపాడి పండుగలను నిర్ణయించును. ఒకడు జ్ఞానస్నానము ఇచ్చును. ఒకడు ఈ వార్తలను ఇంటింటికి చేర్చును. పంచాంగమునకు మూలము బస్తియను అను ఉపదేశకుని కాలము నాటి 1634వ సంవత్సరపు లెక్క. ఏడు తరముల పిమ్మట పాపసంకీర్తనము వినువారు పెద్ద నల్లని ఓడలలో వత్తురని ఆయన చెప్పినట్లు ఐతిహ్యము. శిశువు నెత్తుకొన్న బౌద్ధదేవత కన్నోను పింగాణి ప్రతిమయే వారికి మరియమాత.

జపములను వారు ‘ఒరాషో’ అనిరి. ప్రార్థన అని అర్థమిచ్చు లాటిను పదమే ఇది. ఇకిత్సుకి దీవిలో అవి తరతరములుగ నోటినుండి నోటికి సాగినవి. ‘గ్లోరియోసా’ అను మాట వారి నోట ‘గురురియోజా’ యైనది. భారతదేశమున వేదమును పద, క్రమ, జటా, ఘన పాఠములచే కాపాడిరి; దానికై జీవితము వెచ్చించు పండితులును, వారిని పోషించు సమాజమును ఉండెను. ఈ బెస్తలకును, రైతులకును అట్టి ఆసరా లేదు. అర్థము జారిపోయినను ధ్వనిని విడువలేదు. ‘తెంచి హజిమరి నో కోతో’, అనగా ‘భూమ్యాకాశముల ఆరంభము’ అను వారి పురాణగాథలో క్రీస్తుకు శిక్ష విధించిన పొంతి పిలాతు పోన్షా, పిరోతో అను ఇద్దరుగ మారినాడు. పండితుడు దీనిని చూచి నవ్వవచ్చును. సరిదిద్దువాడు లేని రెండువందల యేండ్లలో ఆ కథ మిగులుటయే విశేషము.

1865 మార్చి 17న నాగసాకిలోని ఔరా కొండపై కొత్తగ వెలసిన దేవాలయమునకు ఉరకామినుండి సుమారు పదునైదుగురు వచ్చిరి. ఒక స్త్రీ ఫ్రెంచి గురువు బెర్నార్ పెతిజాను దరిచేరి, తమ హృదయమును ఆయన హృదయమును ఒక్కటేయని మెల్లగ చెప్పి, మరియమాత ప్రతిమ యెచ్చటనని యడిగెను. తమకిది శోకకాలమున పదునేడవ దినమని వారు తెలిపిరి. ఆ యేడు తపస్సుకాలము మార్చి 1న ఆరంభమైనది. లెక్క ఒక్క దినమైనను తప్పలేదు.

గుట్టు బయటపడినంతనే కష్టములు తీరలేదు. 1868 మొదలు ఉరకామి వాసులు 3,394 మందిని ప్రభుత్వము దూరప్రాంతములకు ప్రవాసము పంపెను. ఆరువందలకు పైగా మరణించిరి. 1873లో నిషేధఫలకములను తొలగించిరి. ఇంతలో 1869లో పెతిజాను, ప్రజలు దాచిన ప్రతుల ఆధారమున, మనస్తాప గ్రంథమును అచ్చువేయించెను. ఒకనాడు గురువులు ప్రజల చేత పెట్టిన గ్రంథము ప్రజల చేతినుండి మరల గురువులకు అందినది.

అయినను అందరును శ్రీసభలో చేరలేదు. జ్ఞానస్నానపు మంత్రము చెడినదని శంక కలిగినచోట గురువులు మరల స్నానము ఇచ్చిరి. ఇంటి బౌద్ధచిహ్నములను విడువుమనిరి. ప్రాణములకు తెగించి తాతలు అందించినదానిని కొరతగలదని యొప్పుకొనుటకు అనేకులకు మనసు రాలేదు. గురువు వచ్చువరకు అని ఆరంభమైన ఆచారము వారికి స్వయముగ మతమైపోయినది. వారి జాడలుగల స్థలములు 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికకెక్కినవి. ఒరాషో వల్లించువారు మాత్రము తరతరమునకు తగ్గుచున్నారు. బలాత్కారము రెండువందల యేండ్లు చేయలేని పనిని, నేర్చుకొను పిల్లలు లేకపోవుట చేయుచున్నది.