కార్వెట్ ఆటోమేటిక్ గేరుపెట్టె: అసలు భాగముల గుర్తింపు

అమెరికాలో 1953లో వెలువడిన షెవ్రొలే కార్వెట్ కార్లు 300కును రెండు వేగముల పవర్‌గ్లైడ్ గేరుపెట్టెయే అమరియుండెను. అట్టి కారును పునరుద్ధరింపగోరువాడు ముందుగా గేరుపెట్టె పైతొడుగును పరీక్షింపవలెను. ఏలయన, తొలుత పోత ఇనుముతోనుండిన ఆ తొడుగు 1962 నమూనాతో అల్యూమినియమునకు మారినందున, లోహమే కాలమును చాల వరకు తెలుపును. పోతసంఖ్యను, పోత తేదీని మట్టి తుడిచి ఓపికతో చదువవలెను. ఆ తేదీ కారు నిర్మాణదినమునకు పూర్వమైనది కానిచో, భాగ మెంత చక్కనిదైనను అసలుది కానేరదు. అరుగు స్వభావముగల క్లచ్ పలకలను, సీళ్లను మార్చుట దోషము కాదు. అంకెలను రాచివేసి క్రొత్తవి చెక్కుట మాత్రము క్షంతవ్యము కాదు. 1968 నమూనాలో మూడు వేగముల టర్బో హైడ్రామాటిక్ 400 ప్రవేశించెను. దానిపై కారు సంఖ్యలోని కొంతభాగము ముద్రితమై యుండును.