అగ్గిపుల్ల నేర్పిన పాఠం

(రేడియోలో మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



స్టవ్వు ముట్టించడానికి లైటర్లు వచ్చినా, దేవుడి దగ్గర దీపానికీ, అగరొత్తికీ, కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తికీ ఇప్పటికీ అగ్గిపుల్లే దిక్కు. ఆ పుల్ల చివరన ఏ మందు పూశారో, అది మంచిదో చెడ్డదో మనం ఆలోచించం. నేనూ ఆలోచించలేదు, ఒక రోజు మా ఇంట్లో జరిగిన ఒక సంఘటన దాకా.

ఎండాకాలం సెలవులకి మా చెల్లెలు పిల్లవాణ్ణి తీసుకుని మా ఇంటికి వచ్చింది. వాడికి మూడో ఏడు. వంటింట్లో ఎలుకల బాధ ఎక్కువగా ఉందని అంతకు ముందు రోజే నేను వీధి చివర కొట్లో ఎలుకల మందు కొన్నాను. పళ్లపొడి పేస్టులాగా చిన్న ట్యూబు. పప్పు డబ్బాల వెనకాల పెట్టి మరిచిపోయాను. మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి పిల్లవాడి చేతిలో ఆ ట్యూబు, మూత ఊడిపోయి ఉంది. చేతికీ, పెదవి పక్కనా కొంచెం అంటింది. నా కాళ్లు చల్లబడిపోయాయి. ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరుగారు అడిగిన మొదటి మాట, "అందులో ఏముందమ్మా?" అని. నేను కొన్నది నేనే, ఇంట్లో పెట్టినదీ నేనే, కానీ జవాబు చెప్పలేకపోయాను. అదృష్టవశాత్తూ చెల్లెలు ట్యూబు పట్టుకొచ్చింది. దాని మీద చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది: పచ్చ భాస్వరం.

"ఈ విషంతో చిక్కేమిటంటే, ఒకటి రెండు రోజులు పిల్లవాడు బాగున్నట్టే కనిపిస్తాడు. ఆ తరవాత కాలేయం దెబ్బతింటుంది. దీనికి విరుగుడు మందంటూ లేదు" అన్నారు డాక్టరుగారు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచుకుని రోజూ రక్తపరీక్షలు చేశారు. లోపలికి పోలేదు కాబోలు, దేవుడి దయవల్ల పిల్లవాడు క్షేమంగా ఇంటికి వచ్చాడు. ఆ నాలుగు రోజులూ మా చెల్లెలు నన్ను పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండునేమో!

నేను పదో తరగతి వరకే చదువుకున్నదాన్ని. అయినా ఈ భాస్వరం సంగతేమిటో తెలుసుకోవాలని పట్టుబట్టి, లైబ్రరీలో పుస్తకాలు తిరగేశాను. తెలిసిన కథ మీతో చెప్పాలనే ఇవాళ వచ్చాను. పచ్చ భాస్వరమన్నా తెల్ల భాస్వరమన్నా ఒకటేనట. తెల్లగా ఉన్నది వెలుతురు తగిలి పచ్చబడుతుంది. ఒకప్పుడు ఇది ప్రపంచంలో ప్రతి ఇంటి వంటింట్లోనూ ఉండేది. ఎక్కడనుకున్నారు? అగ్గిపుల్ల చివరన!

భాస్వరాన్ని మొదట కనిపెట్టినవాడు జర్మనీలోని హాంబర్గు నగరానికి చెందిన హెన్నిగ్ బ్రాండ్. 1669లో బంగారం తయారు చెయ్యాలనే ఆశతో ఆయన మూత్రాన్ని కుండలకొద్దీ కాచాడు. బంగారం రాలేదు గాని, చీకట్లో మెరిసే ఒక వింత పదార్థం వచ్చింది. ఆ తరవాత నూటయాభై ఏళ్ల పైచిలుకు గడిచాక, 1827లో ఇంగ్లండులో జాన్ వాకర్ అనే మందుల వ్యాపారి గీస్తే మండే అగ్గిపుల్లలు అమ్మడం మొదలుపెట్టాడు. వాటిలో భాస్వరం లేదు. 1830 ప్రాంతంలో ఫ్రాన్సులో షార్ల్ సోరియా తెల్ల భాస్వరం కలిపి చేశాడు. ఇక చూడండి, గోడ మీద గీసినా, చెప్పు అడుగున గీసినా భగ్గుమనేది. చవక కూడాను. ఇల్లాళ్లకి అంతకంటే ఏం కావాలి?

కానీ ఆ చవక వెనకాల ఎవరి ప్రాణాలు కరుగుతున్నాయో కొన్నేళ్లకి బయటపడింది. 1845లో వియన్నా నగరంలో లోరిన్సర్ అనే వైద్యుడు అగ్గిపెట్టెల కార్ఖానాలో పనిచేసేవాళ్లకి వస్తున్న ఒక కొత్త జబ్బును గుర్తించాడు. మొదట పంటినొప్పి. తరవాత చిగుళ్లు చీము పట్టడం. చివరికి దవడ ఎముక చచ్చుబడి ముక్కలుగా ఊడిరావడం. భాస్వరం ఆవిరి పీల్చడంవల్ల వచ్చే జబ్బది. ప్రాణం దక్కాలంటే చాలామందికి దవడ ఎముక తీసేయవలసి వచ్చేది. ముఖం వికారమై, దుర్వాసన కొడుతూ ఉంటే ఇంట్లోవాళ్లే దగ్గరికి రాలేకపోయేవారు. ఇలాంటి కార్ఖానాల్లో పనిచేసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లూ, పిల్లలూ.

చిత్రమేమిటంటే, విరుగుడు కూడా అదే కాలంలో, అదే వియన్నాలో దొరికింది. ష్రోటర్ అనే శాస్త్రజ్ఞుడు తెల్ల భాస్వరాన్ని వేడి చేసి ఎర్ర భాస్వరంగా మార్చవచ్చునని చూపించాడు. ఇది అలాంటి విషం కాదు. స్వీడన్‌లో లుండ్‌స్ట్రోమ్ సోదరులు ఆ ఎర్ర భాస్వరాన్ని పుల్లకి కాకుండా పెట్టె పక్కన పూసి, దాని మీద గీస్తేనే మండే పుల్లలు తయారు చేశారు. 1855లో పారిస్ ప్రదర్శనలో వాటికి పతకం వచ్చింది. మనం ఇవాళ వాడే అగ్గిపెట్టె పద్ధతి అదే. మరి మంచి పుల్ల వచ్చాక చెడ్డ పుల్ల పోవాలి కదా? పోలేదు. ఎందుకంటే మంచిది కొంచెం ఖరీదు, చెడ్డది చవక.

ఇక్కడ మనందరికీ తెలిసిన ఒకావిడ కథలోకి వస్తారు. ఆవిడే అనీ బిసెంటు. మన దేశానికి రాకముందు, 1888లో, ఆవిడ లండనులో ఒక చిన్న పత్రిక నడుపుతూ ఉండేవారు. బ్రయంట్ అండ్ మే అనే పెద్ద కంపెనీ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఆడపిల్లలు పడే బాధలను ఆ పత్రికలో రాశారు. కాళ్లు మురికిగా ఉంటే జరిమానా, పక్కవాళ్లతో మాట్లాడితే జరిమానా. భాస్వరం మధ్యనే కూర్చుని అన్నం తినాలి. ఆ వ్యాసం రాశాక, జూలై నెలలో దాదాపు 1,400 మంది ఆడపిల్లలూ స్త్రీలూ పని మానేసి వీధిలోకి వచ్చారు. రెండు వారాల్లో కంపెనీ దిగి వచ్చింది. జరిమానాలు పోయాయి. అన్నం తినడానికి వేరే గది ఇస్తామన్నారు. ఆడవాళ్లు సొంతంగా ఒక సంఘం పెట్టుకున్నారు. తరవాత 1893లో మన దేశానికి వచ్చిన ఆ బిసెంటు పేరుతోనే మన మదనపల్లెలో కళాశాల ఉంది.

అయితే ఒక్క మాట. సమ్మె గెలిచింది గాని భాస్వరం ఓడలేదు. ఆ ఫ్యాక్టరీలో తెల్ల భాస్వరం 1901 దాకా నడిచింది. మధ్యలో 1898లో, జబ్బుపడ్డవాళ్ల సంగతి ప్రభుత్వానికి తెలియజేయకుండా దాచినందుకు కంపెనీకి కోర్టు జరిమానా వేసింది. ఎంతనుకున్నారు? పాతిక పౌన్ల చిల్లర! అన్నట్టు, 1891లో సాల్వేషన్ ఆర్మీ వాళ్లు అదే లండనులో ఎర్ర భాస్వరంతో పుల్లలు చేసే ఫ్యాక్టరీ పెట్టి, పనివాళ్లకి కూలి కూడా ఎక్కువ ఇచ్చారు. కానీ ధర ఎక్కువ కావడంతో అది ఎక్కువ కాలం నిలవలేదు. చవక పెట్టె కోసం చెయ్యి చాచినవాళ్లలో మనలాంటి ఇల్లాళ్లు ఎంతమందో!

మరి ప్రభుత్వాలే నిషేధిస్తే సరిపోదా అంటారేమో. కొన్ని దేశాలు ఆ పనీ చేశాయి. ఫిన్లండు 1872లో, డెన్మార్కు 1874లో తెల్ల భాస్వరం పుల్లలను నిషేధించాయి. స్విట్జర్లండు 1879లో నిషేధించింది. కానీ ఏమైంది? దొంగచాటుగా తయారీ, సరిహద్దు దాటి దొంగ రవాణా. అదుపు చెయ్యలేక 1882లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. మళ్లీ 1898లో పెట్టారు. చూశారా, మన వాకిలి మనం ఎంత ఊడ్చుకున్నా పక్కింటివాళ్లు చెత్త మన గుమ్మంలో పోస్తూ ఉంటే ఏం లాభం? వీధి వీధంతా కలిసి ఒక మాట అనుకోవాలి. దేశాల సంగతీ అంతే. ఒక దేశం నిషేధిస్తే ఆ దేశపు వ్యాపారి నష్టపోతాడు, పక్క దేశపు వ్యాపారి లాభపడతాడు, విషం మాత్రం ఎక్కడికీ పోదు.

ఈ నిజం గ్రహించిన కొందరు 1900లో పారిస్‌లో కార్మిక చట్టాల కోసం ఒక అంతర్జాతీయ సంఘం పెట్టారు. స్విట్జర్లండులోని బాజెల్‌లో దానికి కార్యాలయం. వాళ్లు ముందుగా చేపట్టిన రెండు విషయాలూ ఆడవాళ్లకి సంబంధించినవే. ఒకటి స్త్రీల రాత్రి పని, రెండోది తెల్ల భాస్వరం. వాళ్ల కృషి ఫలితంగా 1906 సెప్టెంబరు 26న బెర్న్ నగరంలో ఒక ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. జర్మనీ, డెన్మార్కు, ఫ్రాన్సు, ఇటలీ, లక్సెంబర్గు, నెదర్లాండ్స్, స్విట్జర్లండు - ఈ ఏడు దేశాలు తెల్ల భాస్వరం పుల్లల తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ మానేస్తామన్నాయి. ఒక విష రసాయనాన్ని వాడకూడదని ఈ దేశాలు కూర్చుని కాగితం మీద రాసుకున్నాయి.

మిగతావాళ్లు ఒక్కొక్కరే దారికి వచ్చారు. ఫ్రాన్సులో సేవెన్, కాహెన్ అనే ఇద్దరు 1898లోనే భాస్వరాన్ని గంధకంతో కలిపి, ఎక్కడ గీసినా మండే, విషం కాని పుల్ల చేశారు. కాబట్టి వేరే దారి లేదనే సాకు కూడా పోయింది. బ్రిటన్ 1908లో చట్టం చేసి 1910 జనవరి నుంచి అమలు చేసింది. అమెరికాలో కేంద్ర ప్రభుత్వానికి నేరుగా నిషేధించే అధికారం లేదని, 1912లో ఆ పుల్లల మీద వందకి రెండు సెంట్ల పన్ను వేశారు. ఆ పన్ను కట్టి అమ్మితే ఎవరూ కొనరు! అంతకు ముందు 1911లో, అధ్యక్షుడు టాఫ్ట్ కోరగా, మంచి పుల్ల తయారీ హక్కు ఉన్న కంపెనీ ఆ హక్కును అందరికీ వదిలేసింది. మన దేశంలో 1913లో తెల్ల భాస్వరం అగ్గిపుల్లల నిషేధ చట్టం వచ్చింది. జపాను చాలాకాలం మొండికేసి 1921లో మానింది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వాషింగ్టన్‌లో జరిపిన మొట్టమొదటి మహాసభలోనే, సభ్య దేశాలన్నీ బెర్న్ ఒప్పందంలో చేరాలని సిఫారసు చేసింది.

లెక్క చూడండి. జబ్బు తెలిసింది 1845లో. ఒప్పందం 1906లో. అరవై ఒక్క ఏళ్లు! మంచి పుల్ల చేతిలో ఉంచుకుని కూడా రెండు తరాల ఆడపిల్లలను బలి ఇచ్చారు.

పోనీ, ఆ తరవాతైనా లోకం నేర్చుకుందా అంటే, నేర్చుకున్నదీ దెబ్బ తిన్నాకే. 1984 డిసెంబరు 2 రాత్రి తెల్లవారితే మూడో తేదీ, భోపాల్‌లో విషవాయువు వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ రాత్రి ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చిన తల్లులనీ డాక్టర్లు అడిగి ఉంటారు - అందులో ఏముందని. ఎవరికి తెలుసు? మీద పడిన వాయువు ఏమిటో, దానికి ఏ చికిత్స చెయ్యాలో చెప్పే నాథుడు లేడు. ఆ తరవాతే మన దేశంలో 1986లో పర్యావరణ రక్షణ చట్టం, 1989లో ప్రమాదకర రసాయనాల నియమాలు వచ్చాయి. 1990లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, తాము ముట్టుకునే రసాయనమేమిటో తెలుసుకునే హక్కు పనివాళ్లకి ఉందని ఒప్పందం రాసింది. 1998లో రోటర్‌డామ్‌లో మరొక ఒప్పందం. దాని జాబితాలో ఉన్న రసాయనాన్ని ఏ దేశమైనా అమ్మాలంటే, కొనే దేశానికి ముందుగా తెలియజేసి ఒప్పుకోలు తీసుకోవాలి. 2003లో ఐక్యరాజ్యసమితి, భాష రానివాళ్లకి కూడా అర్థమయ్యేటట్టు పుర్రె గుర్తు, మంట గుర్తు వంటివి అన్ని దేశాలకీ ఒకటిగా ఉండాలని పద్ధతి ఏర్పరచింది. అయినా 2020 మే 7న తెల్లవారుజామున మన విశాఖపట్నంలో స్టైరీన్ ఆవిరి లీకై, నిద్రలో ఉన్న ఊరి మీద పడి పన్నెండు మంది ప్రాణాలు పోయాయి. అంటే, కాగితం మీద రాసుకున్నది కార్ఖానా గోడ దాటి లోపలికి వెళ్లాలి. అది ఇంకా పూర్తి కాలేదు.

మన వంటింటి గోడ మాటేమిటి మరి? బెర్న్‌లో నిషేధించినది అగ్గిపుల్లలోని భాస్వరాన్నే. అదే విషం ఎలుకల మందు ట్యూబులో మా పప్పు డబ్బాల వెనక్కి చేరింది. చేర్చింది నేనే. లండనులో చవక పెట్టె కొన్న ఇల్లాలికి ఆ పిల్లల దవడలు కనబడలేదు. నాకు నా చెల్లెలి కొడుకు మొహం కనబడింది, అంతే తేడా.

అందుకని సోదరీమణులారా, నేను చేసుకున్న మార్పులు చెబుతాను. ఎలుకలకి ఇప్పుడు బోనే పెడుతున్నాను. ఏ మందు కొన్నా కొట్లోనే నిలబడి పేరు చదువుతాను. అక్షరాలు చిన్నవైతే కొట్టు అబ్బాయి చేత చదివిస్తాను, వాడు విసుక్కున్నా సరే. పురుగుమందుల డబ్బా మీద పలక ఆకారపు గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎరుపు అయితే అతి విషం, తరవాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఫినాయిలు, యాసిడ్ వంటివి కూల్‌డ్రింకు సీసాల్లో పొయ్యడం మానేశాను. ఒకవేళ ఏదైనా పిల్లల నోటికి అంటిందని అనుమానం వస్తే, పిల్లవాడు ఆడుకుంటూనే ఉన్నా సరే, ఇంటి వైద్యాలు చెయ్యకుండా, ఆ డబ్బా చేత పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

"అందులో ఏముందమ్మా?" అని డాక్టరుగారు అడిగిన ప్రశ్న నా చెవుల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ ప్రశ్న ఆసుపత్రిలో కాదు, కొట్టు దగ్గరే మనం అడగాలి.